నర్సమ్మ కారు తాగిన నూనె

మోటారు షెడ్డులో పనికి చేరబోయే పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, "అవ్వా, ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాల?" అని అడిగారు. కడగడం నేర్చుకోండి అన్నాను. వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. ఇంజను విప్పే విద్య ఏదో చెబుతాననుకుని వచ్చారు. విప్పడం ఎవరికైనా వస్తుంది. విప్పినదాన్ని చూడటం రావాలంటే ముందు దాన్ని శుభ్రంగా కడగాలి. నోటితో చెబితే వాళ్లకు ఎక్కలేదు కాబట్టి రాస్తున్నాను. అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. పెద్ద మాటలు రావు. పని గురించి రాయడానికి అవి అక్కర్లేదు కూడా.

షెడ్డు ఎప్పుడు పెట్టారో, ఎవరి తర్వాత ఎవరు మేస్త్రి అయ్యారో ఇందులో ఉండదు. అవి తెలిసినందువల్ల ఒక్క బోల్టు కూడా బిగవదు. ఒక ఉస్తాద్ గురించి, ఒక పాత కారు గురించి రాస్తాను.

కడిగే పని

మా షెడ్డు కర్నూలులో హంద్రి ఏరు దాటి కల్లూరు పోయే దారిలో ఉండేది. రేకుల కప్పు, మూడు వైపులా గోడ, నాలుగో వైపు రోడ్డు. నేను అందులో నీళ్లు మోసే మనిషిగా చేరాను. ఎండాకాలం హంద్రిలో చెలమ తవ్వి, ముంతతో తోడి, కడవ నింపి తెచ్చేదాన్ని. అంత కష్టపడి తెచ్చిన నీళ్లు కాబట్టి ఒలికిపోతే ఊరుకునేదాన్ని కాదు. రేడియేటరులో పోసేటప్పుడు చుక్క కింద పడనిచ్చేదాన్ని కాదు. షెడ్డు యజమాని మస్తాన్ సాహెబ్ అది గమనించాడు. ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఒకరోజు కిరసనాయిలు తొట్టి చూపించి, "ఓబులమ్మా, నీళ్లకే ఇంత పొదుపు చేస్తాండావే. ఈ మొగోళ్లు కిరసనాయిలు తొట్టికి తొట్టి పారబోస్తాండారు. ఈ పని నువ్వు చూడు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంజను సామాను కిరసనాయిలులో కడిగే పని నాది. ఫిట్టర్లు నవ్వేవాళ్లు. "సంగటి కుండ తోమినట్టు తోముతాండావే అక్కా, పిస్టన్లో సంగటి గెలుకుతావా ఏమి?" అని ఒకడు.

"గెలికినా నీకు పెట్టనులేప్పా" అనేదాన్ని.

కడుగుతూ ఉంటే మురికి సంగతి తెలుస్తుంది. అడుగున పేరుకున్న నల్ల మడ్డిలో అభ్రకం పొడిలా మెరుపు కనిపిస్తే బేరింగు అరుగుతోందని అర్థం. ఆయిలు మజ్జిగలా తెల్లబడితే లోపలికి నీళ్లు దిగుతున్నాయి. ఇవి నాకు ఎవరూ చెప్పలేదు. నేను కడిగి పెట్టిన సామానును ఉస్తాద్ చూసి ఏమంటాడో వింటూ, నా తొట్టి అడుగున మిగిలినదానితో సరిపోల్చుకునేదాన్ని. కొన్నాళ్లకు వాల్వులు నూరే పని కూడా ఇచ్చారు. పేస్టు పూసి, పుల్లను రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పుతూ వాల్వును దాని గూటిలో కూర్చునేలా నూరాలి. మజ్జిగ చిలికిన చేతులకు అది కొత్త పని కాదు.

మీలో చాలామంది కడిగే పనిని శిక్ష అనుకుంటారు. అలా అనుకునేవాళ్లు ఎప్పటికీ సామాన్లు మార్చేవాళ్లుగానే మిగులుతారు. బాగుచేసేవాళ్లు కాలేరు.

ఉస్తాద్ చెవి

మస్తాన్ సాహెబ్ పనివాడు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఆయన తప్పులు కూడా చెబుతాను. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. లోపల ఏ సిలిండరులో ఏం జరుగుతోందో చెప్పేవాడు. చాలాసార్లు నిజమయ్యేది. అలా నిజమవుతూ ఉంటే మనిషికి తన చెవి మీద భక్తి పుడుతుంది.

ఒకసారి మైదుకూరు నుంచి పసుపు వ్యాపారి ఒకాయన కారు తెచ్చాడు. ఇంజను గలగలమంటోంది. ఉస్తాద్ చెవి పెట్టి బేరింగు పోయిందన్నాడు. ఇంజను కిందికి దించి మొత్తం విప్పాం. బేరింగులు నిక్షేపంలా ఉన్నాయి. మళ్లీ బిగించి తిప్పితే అదే గలగల. చివరికి చూస్తే డైనమోను పట్టుకుని ఉండే బోల్టు వదులైంది, అంతే. రెంచితో ఒక్క తిప్పు తిప్పితే చప్పుడు ఆగిపోయింది.

"సాయిబూ, తలనొప్పి అని వస్తే కడుపు కోసినట్టుండాది నీ వైద్యం" అని ఆ వ్యాపారి అందరి ముందూ అన్నాడు. ఉస్తాద్ నశ్యం డబ్బా తీసి ఒక పట్టు పీల్చాడు.

దాని నుంచి ఆయన నేర్చుకోవలసింది, విప్పే ముందు బయట బోల్టులన్నీ చూడాలని. ఆయన నేర్చుకున్నది, ఇక అంత తేలిగ్గా ఇంజను విప్పకూడదని. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. తప్పు జరిగినప్పుడు సిగ్గుపడి ఏదో ఒక పాఠం పట్టుకోకండి. కాస్త నిదానించి సరైనదాన్ని పట్టుకోండి.

నీలం పొగ

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయాక ఊళ్లో పాత కార్లు చాలా మిగిలిపోయాయి. పోయేవాళ్లు అమ్మేసి పోయారు. కోడుమూరు దారిలో ఒక పల్లె ఉంది, అక్కడ చర్చివాళ్లు నడిపే చిన్న ఆసుపత్రి ఉండేది. చర్చి పెద్దలు చందాలు వేసుకుని అలాంటి పాత కారు ఒకటి ఆసుపత్రికి కొన్నారు. ఆసుపత్రిని చూసుకునేది సుగుణమ్మ అనే నర్సు. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైతే తల్లిని కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చాలి. కారు రాకముందు ఎద్దుల బండిలో తెచ్చేవాళ్లు. పొద్దున బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు కర్నూలు వచ్చేది బండి. అందులో పడుకున్న మనిషి అప్పటిదాకా ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు. ఆ ఎద్దుల బండి తోలే లాజరే కారు తోలడం కూడా నేర్చుకున్నాడు.

ఆ కారు మా షెడ్డు ముందు ఆగినప్పుడు వెనకాల రోడ్డు కనిపించలేదు. అంత నీలం పొగ. ఇంజను డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమంటోంది. సుగుణమ్మ దిగి, "ఉస్తాద్, పెట్రోలు కన్నా ఆయిలే ఎక్కువ పోస్తాండాం దీనికి. ఈ చప్పుడుకు లోపల పండుకున్న తల్లి నొప్పులు మరిచిపోయి నా చెయ్యి పట్టుకుంటాండాది" అంది.

ఉస్తాద్ చెవి పెట్టాడు. పొగ చూశాడు. "పిస్టన్ ఆడే బోరు అరిగిపోయిండాది. బేరింగులూ పోయినాయి. మద్రాసుకు పంపి బోరు కొట్టించాల. ఈ ముసలి బండికి అంత ఖర్చు దండగమ్మా."

సుగుణమ్మ ముఖం వాడిపోయింది. "పెద్దలు ముందే చెప్పిండారు ఉస్తాద్. మేస్త్రి పనికిరాదంటే అమ్మేయమని. ఆదివారం ఆరాధన అయినాక కూర్చోని తేలుస్తారంట. మళ్లీ ఎద్దుల బండే మాకు."

"ఎద్దుల బండి మాత్రం చెడ్డదా అమ్మా? పొగ రాదు, చప్పుడు రాదు."

"నొప్పులు పడేది మొగోళ్లయితే చెడ్డది కాదు" అంది సుగుణమ్మ.

నేను రేడియేటరుకు నీళ్లు పోద్దామని వచ్చి సైలెన్సరు వెనకాల నిలబడి ఉన్నాను. ఆ పొగలో నాకు తెలిసిన వాసన ఏదో ఉంది. ఇంజను ఆయిలు కాలితే ఆ వాసన రాదు. ఇంట్లో గూట్లో ఆముదపు దీపం కొండెక్కినప్పుడు వత్తి నుంచి వచ్చే వాసన అది. ఉస్తాద్‌కు ఎందుకు తెలియలేదంటే ఆయన ముక్కులో ఎప్పుడూ నశ్యం ఉండేది.

"ఉస్తాద్, హెడ్డు విప్పి చూద్దాం" అన్నాను.

"మైదుకూరు బండి మరిచిపోయినావా?"

"అప్పుడు చప్పుడు విని విప్పినాం. ఇప్పుడు వాసన చూసి విప్పుదాం."

"వాసన చూసి మూత తీసేదానికి ఇదేమన్నా బిర్యానీ గంగాళమా?" అని కసురుకున్నాడు. నేను కదల్లేదు. సుగుణమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. చివరికి ఆయనే, "విప్పుతా. బిగించేదాకా నువ్వు నిలబడాల. పనికిరాకుంటే ఆ పెద్దల ఎదుట నువ్వే చెప్పాల" అన్నాడు.

"చెప్తా" అన్నాను. సుగుణమ్మ కారునూ లాజరునూ మా దగ్గర వదిలి బస్సెక్కి పోయింది.

ఏం పోశావు అని ఎలా అడగాలి

హెడ్డు తీసి, కింద ఆయిలు చాంబరు దించాం. పిస్టన్లు బయటికి వచ్చాక ఉస్తాద్ ఒకదాన్ని గోటితో గీకి చూశాడు. వాటి మీద మసి కంటే ఎక్కువగా బెల్లం పాకం ఎండినట్టు గోధుమ రంగు పొర ఉంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు వాటి గాడుల్లో అతుక్కుపోయి ఉన్నాయి. రింగు స్ప్రింగులా వెడల్పుగా విచ్చుకుని బోరు గోడను తాకుతూ ఉండాలి, అప్పుడే గోడ మీది ఆయిలును కిందికి గీకుతుంది. అతుక్కుపోతే ఆయిలు పైకి పోయి కాలిపోతుంది. నీలం పొగ అదే. చాంబరులో ఆయిలు పీల్చే చోట ఉండే సన్నని తీగల జాలి కూడా ఆ పాకంతోనే మూసుకుపోయింది. జాలి మూసుకుపోతే బేరింగులకు ఆయిలు అందదు, గలగల అందుకే. బోరు మాత్రం ఉస్తాద్ అనుకున్నంత అరగలేదు. ఆయన వేలితో తడిమి చూసి, "హు" అన్నాడు. అది ఆయన ఒప్పుకునే పద్ధతి.

తర్వాత లాజరు మీద పడ్డాడు. "ఏం పోసినావ్‌రా దీంట్లో? నిజం చెప్పు."

"దేవుని తోడు, డబ్బా ఆయిలే పోసినా సామీ."

"దేవుని తోడు మళ్లీ! చెరుకు రసం పోసినావా?"

లాజరు గోడ దగ్గరికి పోయి కూలబడ్డాడు. ఉస్తాద్ ఇంకో గంట అరిచినా ఆ మనిషి అదే మాట చెప్పేవాడు. చెడిపోయిన బండిని తెచ్చే డ్రైవరు అప్పటికే ఊళ్లో తిట్లు తిని వస్తాడు. మనం కూడా తిడితే నోరు ఇంకా గట్టిగా మూసుకుంటాడు. అతను చెప్పని ఒక్క మాట కోసం మనం రోజులు పోగొట్టుకుంటాం. నేను లాజరును పిలిచి తొట్టి పక్కన కూర్చోబెట్టి, ఒక పిస్టన్ చేతికిచ్చి గీకమన్నాను. నేనొకటి తీసుకున్నాను. ఒక పక్క గీకడం అయ్యాక అడిగాను.

"ఎద్దుల బండి ఎన్నాళ్లు తోలినావు లాజరూ?"

"ఊహ తెలిసినప్పట్నుంచి అక్కా."

"ఇరుసు కిర్రుమంటే ఏం జేస్తాంటివి?"

"ఇంకేం జేస్తా, ఆముదం పోసి..." అని ఆగాడు. చేతిలో పిస్టన్ వైపు చూశాడు. కాసేపటికి మెల్లగా చెప్పాడు. "ఒకసారి దావలో గలగల ఎక్కువాయె. వెనక సీట్లో గర్భిణి అరుస్తాండాది. డబ్బాలో ఆయిలు లేదు. ఆముదం సీసా ఒకటి ఉండె. పోసినా. ఇంజను పాలు తాగిన బిడ్డ మాదిరి ఊరకుండిపాయె అక్కా. అప్పట్నుంచి చప్పుడొచ్చినప్పుడల్లా అదే మందు."

"సీసా ఎవరిది?"

"నాదే" అన్నాడు చాలా తొందరగా. "నర్సమ్మతో అనొద్దక్కా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆముదం చిక్కన కాబట్టి చప్పుడు కొంతసేపు అణుగుతుంది. ఇరుసు కాగదు, దానికి ఆముదం సరిపోతుంది. ఇంజను కాగుతుంది. ఇంజను ఆయిలుతో ఆముదం కలవదు, విడిగా ఉడుకుతుంది. పెళ్లికి ముందు మా అమ్మతో కలిసి నేను ఆముదం వండేదాన్ని. ఆ కుండ లోపల ఏళ్ల తరబడి పట్టిన పొర ఎంత తోమినా వచ్చేది కాదు. లాజరు పోసిన మందు ఈ రింగులకు అలాగే పట్టింది. రింగులు పట్టుకుపోయే కొద్దీ ఆయిలు ఎక్కువ తాగింది, చప్పుడు పెరిగింది, లాజరు మళ్లీ పోశాడు.

మరునాడు సుగుణమ్మ బస్సులో వచ్చింది. నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "ఓబులమ్మా, ఒక మాట. ఆ ఆముదం సీసా ఆసుపత్రిది. నా సంచిలో నుంచి తీసి నేనే ఇచ్చినా. లాజరును ఏమీ అనొద్దు. పెద్దలకు తెలిస్తే వాని పని పోతాది."

"ఆయప్పేమో సీసా నాదే, నర్సమ్మకు చెప్పొద్దంటాండాడు" అన్నాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. ఇద్దరూ మంచివాళ్లు. ఒకరినొకరు కాపాడుకుంటూ కారును చంపబోయారు. మంచితనం వల్ల చెడిపోయిన ఇంజన్లు నేను తర్వాత కూడా చూశాను. అందుకే చెబుతున్నాను, బండి దగ్గర ఎవరినీ కాపాడకండి, జరిగింది చెప్పండి.

రింగులు

కిరసనాయిలుకు ఆ పొర కదల్లేదు. చాంబరూ జాలీ లాంటి ఇనుప సామాన్లను చాకలి సోడా వేసిన నీళ్లలో ఉడకబెట్టి తోమాను, వచ్చేసింది. పిస్టన్లు అల్యూమినియంవి. వాటిని సోడాలో ఉడకబెడితే లోహాన్నే తినేస్తుంది. ఏం చేయాలో మాకు తోచలేదు. సుగుణమ్మే, "మా చేతులకు ఆముదం జిడ్డు పడితే స్పిరిట్‌తో తుడుస్తాం. పనికొస్తాదా?" అంది. ఉస్తాద్ భుజాలెగరేశాడు. ఆమె పెద్దాసుపత్రికి పోయి, తెలిసిన కాంపౌండరును అడిగి ఒక సీసా తెచ్చింది. "సూదులకు వాడేది ఇది. పారబోయొద్దు తల్లీ" అని నా చేతికిచ్చింది. పారబోసేది నేనా?

నానబెట్టగా నానబెట్టగా రింగుల అంచున గోధుమ రంగు తడి ఊరింది. పలుచని తగరపు రేకు కొన రింగు కిందికి దూర్చి, వెంట్రుక మందం జరిపి, మళ్లీ స్పిరిట్ అద్ది, మళ్లీ జరపాలి. పిస్టన్ రింగు చూడటానికి ఇనుమే కానీ వంచితే గాజులా పుటుక్కుమంటుంది. మా దగ్గర కొత్తవి లేవు. మద్రాసు నుంచి రావాలంటే ఆదివారం దాటిపోతుంది. నేనూ లాజరూ ఊపిరి బిగబట్టి తీశాం. ఒక్కటి విరిగింది. అది ఉస్తాద్ చేతిలో. ఆయన ఉర్దూలో ఏమన్నాడో నేను ఇక్కడ రాయను.

తర్వాత ఆ మనిషి చేసిన పని చూసే నేను ఆయన్ని ఉస్తాద్ అంటాను. షెడ్డు వెనక పడి ఉన్న పాత ఇంజన్ల కుప్పలో వెతికి, దగ్గర కొలత రింగు ఒకటి పట్టుకొచ్చాడు. బోరులో పెట్టి చూడటం, తీసి ఆకురాయితో ఒక్క గీత గీయడం, మళ్లీ పెట్టడం. అన్నం వేళ దాటినా లేవలేదు. బేరింగు మూతల కింద ఉండే సన్నని రేకుల్లో కొన్ని తీసి, వదులు పోయేలా బిగించాడు. "చెవి చెప్పిందాన్ని చేత్తో సరిచేసుకుంటాండాలే" అన్నాడు నా వైపు చూడకుండా.

ఆదివారం

ఆదివారం పొద్దున కారు బిగించడం అయిపోయింది. లాజరు ముందు వైపు హ్యాండిలు దూర్చి తిప్పి స్టార్టు చేశాడు. చప్పుడు లేదు, ఇంజను మెత్తగా తిరుగుతోంది. కానీ వెనకాల పొగ. మొదటి రోజు కంటే ఎక్కువ పొగ. లాజరు హ్యాండిలు పట్టుకునే నిలబడిపోయాడు.

"చెప్పలా నేను?" అన్నాడు ఉస్తాద్. ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు.

నేను వంగి పొగ గొట్టం చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇంజనంతా కడిగాను కానీ సైలెన్సరు కడగలేదు. "గొట్టంలో పాత ఆముదం ఉండాది ఉస్తాద్. అది కాలి పోవాల. ఆపొద్దు, పోనీ లాజరూ."

"దావలో నిలిచిపోతే?"

"నిలిచిపోతే ఆడనే చూద్దాం. ఎక్కండి."

ముగ్గురం ఎక్కాం. కల్లూరు దాటేదాకా వెనక్కి చూస్తే పొగ తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత పొగ వెనక తుమ్మ చెట్లు కనిపించాయి. ఇంకా పోయాక చెట్ల వెనక కొర్ర చేలు కనిపించాయి. లాజరు మధ్యలో రెండుసార్లు ఆపి ఆయిలు కొలిచే పుల్ల తీసి చూశాడు. ఆయిలు తగ్గలేదు. రెండోసారి ఆ పుల్లను ఉస్తాద్‌కు చూపించాడు. ఉస్తాద్ దాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూశాడు.

పల్లెలో చర్చి ముందు ఆగాం. ఎవరూ బయటికి రాలేదు. ఆరాధన అయిపోయి పెద్దలు లోపలే కూర్చుని ఉన్నారు, కారు అమ్మకం సంగతి తేల్చడానికి. లాజరు హారను కొట్టాడు. పెద్దాయన ఒకరు గడప దాకా వచ్చి, కారునూ మమ్మల్నీ చూసి ఆశ్చర్యపోయాడు. "ఎప్పుడొస్తిరప్పా? చప్పుడే కాలేదే. తోసుకుంటా వస్తిరా ఏమి?"

ఉస్తాద్ ఏదో చెప్పబోయాడు. అప్పుడే ఆసుపత్రి వైపు నుంచి సుగుణమ్మ పరుగున వచ్చింది. ఆసుపత్రి ముందు ఎద్దుల బండి కట్టి సిద్ధంగా ఉంది. గడ్డి మీద బొంత పరిచి, దాని మీద ఒక చిన్న వయసు గర్భిణిని పడుకోబెట్టారు. ఆమె తల్లి పక్కనే కూర్చుని విసురుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందట.

"లాజరూ, ఇంజను ఆపొద్దు" అంది సుగుణమ్మ.

బొంతతో సహా ఎత్తి ఆ పిల్లను బండిలో నుంచి కారులోకి మార్చాం. పెద్దాయన వెనకాలే వచ్చి, "ఇదేందమ్మా, బండి సంగతి మేము కూర్చోని మాట్లాడాల గదా" అన్నాడు.

"మాట్లాడుతాండండి అన్నా. నేను పోయొస్తా" అని ఆమె తలుపు వేసుకుంది. కారు కదిలింది. ఊరి చివర మలుపు తిరిగేటప్పుడు వెనకాల దుమ్ము తప్ప మరేమీ కనిపించలేదు.

ఆ తర్వాత గానీ ఉస్తాద్‌కు తట్టలేదు, మేము వచ్చింది ఆ కారులోనేనని. ఆదివారం బస్సు వెళ్లిపోయింది. "ఇప్పుడు ఇంటికి యట్ల పోతాం ఓబులమ్మా?" అన్నాడు. ఎద్దులు కాడి కిందే ఉన్నాయి. పెద్దాయన నవ్వి, బండి తోలుకుపోయి దిగబెట్టమని వాళ్లబ్బాయితో చెప్పాడు.

గడ్డి మీద కూర్చుని కర్నూలు వైపు బయలుదేరాం. ఉస్తాద్ నశ్యం డబ్బా తీయలేదు. ప్రతి మలుపులోనూ కారు నిలిచిపోయి ఉందేమోనని ముందుకు వంగి చూసేవాడు, నేనూ చూసేదాన్ని. తుమ్మ నీడ కింద నల్లగా ఏదో కనిపించి ఒకసారి ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అది బర్రె. పొద్దు వాలింది, రాత్రయింది. కర్నూలు దాకా దారి ఖాళీగానే ఉంది.